సీసా నంబరు 53ఎన్

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నలభై ఏళ్లు దాటిన ఎవరినడిగినా చెబుతారు, కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేయించుకోవలసి వచ్చేదని. పని మానుకుని రోజూ ఆస్పత్రికి నడవాలి. దగ్గర్లో మందు లేదంటే బస్సెక్కి హైదరాబాద్‌లో, నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం దాకా పోవాలి. ఆ మందు పేరు సెంపుల్ వ్యాక్సిన్. గొర్రె మెదడులో పెంచిన రేబీస్ వైరస్‌ను కార్బాలిక్ ఆమ్లంతో చంపి తయారుచేసేవారు. 1911లో దాన్ని రూపొందించిన డేవిడ్ సెంపుల్ నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కసౌలీలో పనిచేసిన సైనిక వైద్యుడు. మందుతో పాటు మెదడు కణజాలం కూడా ఒంట్లోకి వెళ్లేది కాబట్టి కొందరికి నరాలు దెబ్బతిని పక్షవాతం వచ్చేది. అయినా మన దేశంలో దాని తయారీ ఆగింది 2004 చివర్లోనే.

సెంపుల్ పేరుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. తన వ్యాక్సిన్ తయారు చేయడానికి కొన్నేళ్ల ముందు ఆయన ఒక విచారణ సంఘంలో సభ్యుడు. ముగ్గురే ఉన్న ఆ సంఘానికి బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ పెద్ద. పంజాబ్‌లోని ఒక పల్లెలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. వాళ్లకు వేసిన సూదిమందు ప్రభుత్వ ప్రయోగశాలలో తయారైంది. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చడం సంఘం పని. ప్రజారోగ్య ప్రయోగశాలను సర్కారు ఎలా పర్యవేక్షించాలన్న ప్రశ్న మన దేశంలో ఇంత పదునుగా ముందుకొచ్చింది అప్పుడే అని నా అభిప్రాయం. ఈ రోజు ఉట్నూరు ఏజెన్సీలో పసిబిడ్డకు వేసే ప్రతి సూది వెనుకా ఆ ప్రశ్న ఉంది.

1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. సర్కారు కబురందుకుని అక్టోబరులో కలకత్తా నుంచి వాల్డెమార్ హాఫ్కిన్ వచ్చాడు. ఒడెస్సాలో పుట్టిన యూదుడు. చదివింది జంతుశాస్త్రం, వైద్యం కాదు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కలరా వ్యాక్సిన్ తయారుచేసి, 1892లో ముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. 1893లో భారతదేశానికి వచ్చి వేలాది మందికి ఆ సూది వేశాడు. తెలంగాణ పల్లెల్లో కలరాను గత్తర అంటారు. ఆ పేరు వింటే ఊళ్లకు ఊళ్లు వణికిన రోజులవి.

బొంబాయిలో ఆయనకు దొరికింది గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది. సాయానికి ఒక గుమస్తా, ముగ్గురు బంట్రోతులు. మూడు నెలలు తిరిగేసరికి ప్లేగు వ్యాక్సిన్ తయారైంది. 1897 జనవరి 10న దాన్ని కూడా మొదట తానే వేయించుకున్నాడు. ఆ నెలాఖరుకు బైకుల్లా జైల్లో, ముందుకొచ్చిన ఖైదీల మీద పరీక్ష జరిగింది. 1899లో ప్రయోగశాల పరేల్‌లోని పాత గవర్నరు బంగళాకు మారింది. అక్కడి నుంచి మందు దేశం నలుమూలలకూ వెళ్లింది.

ఆ మందు తయారీని కాస్త దగ్గరగా చూడాలి, తరవాతి గొడవంతా అందులోనే ఉంది. పెద్ద గాజు పాత్రలో మాంసపు రసం పోస్తారు. గోమాంసం అంటే హిందువులు, పందిమాంసం అంటే ముస్లింలు సూదికి చేయి చాపరు కనుక హాఫ్కిన్ మేకమాంసం వాడాడు. రసం మీద నాలుగు నెయ్యి చుక్కలు తేలేలా వేసి ప్లేగు సూక్ష్మజీవులను అందులో వదులుతారు. నెయ్యి చుక్క అడుగున అవి పట్టుకుని, మర్రి ఊడల్లా కిందికి దిగుతూ పెరుగుతాయి. పాత్రను కదిలిస్తే ఊడలు తెగి అడుక్కి చేరతాయి, పైన మళ్లీ కొత్తవి వేలాడతాయి. ఇలా ఆరు వారాలు. ఊడలు దిగడం ప్లేగు సూక్ష్మజీవికి గుర్తు. వేరే జీవి చొరబడితే పెరుగుదల అలా కనబడదు. అంటే శుద్ధతకు మొదటి పరీక్ష కంటిచూపుతోనే జరిగిపోయేది. చివర 65 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచి సూక్ష్మజీవులను చంపుతారు. ఆపైన నూటికి అర వంతు కార్బాలిక్ ఆమ్లం కలిపి సీసాల్లో నింపుతారు.

ప్లేగు సూక్ష్మజీవిని చంపింది వేడి. మరి కార్బాలిక్ ఆమ్లం ఎందుకు? అది కాపలా. సీసా నింపేటప్పుడో, తర్వాత మూత తీసేటప్పుడో బయటి జీవి ఏదైనా లోపల పడితే, పడ్డది పెరగకుండా చూస్తుంది.

1898లో సర్కారు ఎడింబరో ఆచార్యుడు ఫ్రేజర్ నాయకత్వాన ప్లేగు కమిషన్‌ను నియమించింది. కమిషన్ దేశమంతా తిరిగింది. హాఫ్కిన్ వ్యాక్సిన్ మేలు చేస్తోందని ఒప్పుకుంది. అయితే అంకెల లెక్కలు సరిగా లేవనీ, ఒక సీసాకూ మరో సీసాకూ బలంలో తేడా ఉంటోందనీ తప్పుపట్టింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. ప్రయోగశాల బాగు కోరే పర్యవేక్షణ అడగవలసిన ప్రశ్నలే అవి. అడిగాక ఏం జరగాలన్నదే ఎవరికీ పట్టలేదు. పరేల్ నుంచి బయటికెళ్లే ప్రతి తడవ మందునూ మరో చోట, మరో చేత్తో పరీక్షించే ఏర్పాటు రాలేదు. తయారుచేసినవాడు బాగుందంటే బాగున్నట్టే.

ఈలోగా ప్లేగు రైలెక్కింది. ధాన్యం బస్తాల మాటున ఎలుకలు, ఎలుకల ఒంటి మీద గోమార్లు. గోమారి ద్వారానే జబ్బు పాకుతుందని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ చెబితే పెద్దలు నమ్మలేదు. చివరికి పరేల్ ప్రయోగశాలలోనే లిస్టన్, ఆయన సహచరులు 1905 తర్వాత దాన్ని రుజువు చేశారు. ఆ కాలంలో కరీంనగర్ పేరు ఎల్గందల్ జిల్లా, ఆదిలాబాద్ సిర్పూర్ తాండూరు ఉపజిల్లా. 1905లో రెండూ ఇప్పటి పేర్లతో జిల్లాలయ్యాయి. బాసర మీదుగా మన్మాడ్ వెళ్లే నిజాం రైలుమార్గం అప్పటికే పడింది. బొంబాయి వైపునున్న జబ్బు గోదావరి లోయకు చేరడానికి దారి తెరిచినట్టయింది. 1911లో హైదరాబాద్ నగరాన్నే ప్లేగు చుట్టుముట్టింది. ఎలుక రాలిందంటే ఇల్లు విడిచి చేన్లల్లో గుడిసెలేసుకోవడం దక్కన్ పల్లెల్లో జనం నేర్చుకున్న జాగ్రత్త. అప్పటికి ఉన్న అన్ని ఉపాయాల్లో అది మంచిదే.

1902లో పంజాబ్ సర్కారు పెద్ద ఎత్తున టీకాలకు దిగింది. లక్షల డోసులు కావాలంది, అదీ తొందరగా. ఆరు వారాల పద్ధతి ఆ తొందరకు నిలవదు. హాఫ్కిన్ రసం మానేసి, అగర్ అనే గట్టి పొర మీద సూక్ష్మజీవులను పెంచి నీళ్లతో కడిగి తీసే కొత్త పద్ధతికి మళ్లాడు. అది కొద్ది రోజుల్లో తెమిలే పని. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో వాడుకలో ఉన్నదే. ఆ మార్పులో కార్బాలిక్ ఆమ్లాన్ని కూడా వదిలేశాడు. వేడి చాలునన్నది ఆయన లెక్క. వేడి ప్లేగు సూక్ష్మజీవికి చాలు. తర్వాత పడబోయే పరాయి జీవిని ఆపేదేదీ సీసాలో మిగల్లేదు.

1902 అక్టోబరు 30. పంజాబ్‌లోని ముల్కోవాల్ అనే పల్లె. ఆ రోజు 107 మంది సూదులు వేయించుకున్నారు. మందు అయిదు సీసాల్లోంచి తీశారు. ఒక సీసా మీద 53ఎన్ అని నంబరు. వారం తిరిగేసరికి ఆ ఒక్క సీసాలోంచి మందు తీసుకున్న 19 మందికీ దవడలు బిగుసుకుపోయాయి. 19 మందీ చనిపోయారు. మిగతా నాలుగు సీసాలవాళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. పరిస్థితి బాగోకపోతే గట్టి పెంకు తొడుక్కుని బీజంగా మారి ఏళ్ల తరబడి ఓపిక పడుతుంది. మరిగే నీళ్లలో వేసినా కొంతసేపు చావదు. 65 డిగ్రీల వేడి దాన్ని ఏమీ చేయలేదు. గాలి తగలని చోటే అది పెరుగుతుంది. లోతుగా దిగిన ముల్లు, మేకు, తుప్పు ఇనుము చేసిన గాయం దానికి అనువు. మూత బిగించిన సీసా అడుగు కూడా అనువే. పెరుగుతూ అది వదిలే విషం నరాల వెంట పాకి, కండరాలను వదులు చేసే సంకేతాలను ఆపేస్తుంది. ఇక బిగిసిన కండరం బిగిసినట్టే ఉంటుంది. దవడ, మెడ, వెన్ను, చివరికి ఊపిరి. మనిషికి ఒంటి మీద తెలివి మాత్రం ఉంటుంది. అన్నీ తెలుస్తూ పోతాడు.

బీజం సీసాలోకి ఎక్కడ దూరింది? పరేల్‌లోనా, ముల్కోవాల్‌లోనా? 19 కుటుంబాల కోసమైనా దీనికి జవాబు కావాలి. సాక్ష్యాల్లో రెండు ముక్కలు ముఖ్యం. మొదటిది, సీసా మూత తీస్తుండగా కాంపౌండర్ చేతిలోంచి పట్టకారు నేల మీద పడింది. దాన్ని మరిగించకుండా, కార్బాలిక్ నీళ్లలో ఒకసారి ముంచి మళ్లీ వాడారు. బీజానికి ఆ ముంచుడు ఒక లెక్క కాదు. రెండోది, మందు వేసిన డాక్టరు సీసా తెరిచినప్పుడు వాసన చూశాడు. తేడా ఏమీ తెలియలేదు. ధనుర్వాతపు సూక్ష్మజీవి వారాల తరబడి పెరిగిన ద్రవం కుళ్లు కంపు కొడుతుంది. పరేల్‌లోనే బీజం పడి ఉంటే, దారిలో గడిచిన రోజులన్నీ అది పెరిగి ఉండాలి, మూత తీయగానే ముక్కుకు తెలియాలి. ఇంకో లెక్క కూడా కలుస్తుంది. సీసాలో విషం అప్పటికే తయారై ఉంటే జబ్బు ఇంకా తొందరగా పైబడాలి. వారం పట్టిందంటే, బీజాలు ఒంట్లోకి వెళ్లాకే పెరగడం మొదలుపెట్టాయని అనుకోవడానికి వీలుంది.

విచారణ సంఘం మరోలా తేల్చింది. సీసా పరేల్ వదలక ముందే చెడిందన్నది. కార్బాలిక్ ఆమ్లం మానడాన్ని తప్పుపట్టింది. ఆ రెండో మాట నేనూ ఒప్పుకుంటాను. పైనున్న వారితో చర్చించకుండా, లక్షల మందికి వెళ్లే మందులోంచి కాపలా తీసేయడం చిన్న విషయం కాదు. కానీ కాపలా లేకపోవడం వేరు, దొంగ ఏ తలుపున వచ్చాడన్నది వేరు. సంఘం ఆ రెంటినీ ఒక్కటి చేసింది.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత జరిగింది. నివేదికను ఏళ్ల తరబడి బయటపెట్టలేదు. ఆరోపణ ఎదుర్కొన్న మనిషి బహిరంగంగా జవాబు చెప్పుకునే అవకాశం లేకపోయింది. హాఫ్కిన్‌ను ప్రయోగశాల నుంచి తప్పించారు. 1904లో ఆయన దేశం విడిచి వెళ్లాడు. భారత వైద్య సేవలోని సైనిక వైద్యుల మధ్య ఆయన బయటివాడు. డాక్టరు కాదు, ఆంగ్లేయుడు కాదు, క్రైస్తవుడు కాదు. ఇదంతా తీర్పులో ఎంత పాలు పంచుకుందో కొలిచే తూకం లేదు. ఆ రోజుల్లోనే కొందరు దీన్ని ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే యూదు అధికారికి జరిగిన అన్యాయంతో పోల్చారు.

ఆయన తరఫున గొంతెత్తిన వారిలో ముందున్నవాడు మన సికింద్రాబాద్ చరిత్రలో పేరున్న రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా జీవిని కనిపెట్టింది ఆయనే. కనిపెట్టిన కొన్ని వారాలకే సర్కారు ఆయన్ని రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. అక్కడ పనికొచ్చే మలేరియా రోగులు దొరక్క పరిశోధన నెలల పాటు కుంటుపడింది. ప్రయోగశాల మీద దఫ్తరు పెత్తనం ఎలా ఉంటుందో రాస్‌కు ఒంటికి తెలిసిన విషయం. ముల్కోవాల్‌లో జనం చనిపోయిన 1902లోనే ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ పేరుకున్న బరువును 1907లో హాఫ్కిన్ కోసం వాడాడు. లండన్ టైమ్స్‌కు లేఖ రాశాడు. పట్టకారు, వాసన, పరీక్షలు ఒక్కొక్కటిగా జనం ముందు పెట్టాడు. ఆ జులైలో ఆయనతో కలిపి పది మంది శాస్త్రవేత్తలు అదే పత్రికలో సంతకాలు చేశారు, పరేల్ మీద వేసిన నేరం రుజువు కాలేదని. ఆ ఏడాది చివరికి హాఫ్కిన్ మళ్లీ కొలువులోకి వచ్చాడు. పరేల్‌కు కాదు, కలకత్తాకు. తన చేత్తో కట్టిన ప్రయోగశాలలో మళ్లీ పనిచేయలేదు. 1925లో దానికి ఆయన పేరు పెట్టారు. 1930లో లోజాన్‌లో చనిపోయాడు.

ఇదే రకం ప్రమాదం 1928 జనవరిలో ఆస్ట్రేలియాలోని బండబర్గ్‌లో జరిగింది. అక్కడ చనిపోయింది పిల్లలు. డిఫ్తీరియా టీకా వేసిన 21 మందిలో 12 మంది. అదీ ప్రభుత్వ ప్రయోగశాలలో తయారైన మందే. ఎక్కువ డోసుల సీసా. అందులోనూ కాపలా మందు లేదు. మూత తీసిన సీసాను వేసవిలో రోజుల తరబడి చల్లటి చోట పెట్టకుండా ఉంచి మళ్లీ వాడారు. స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి అందులో పెరిగింది. చార్లెస్ కెల్లవే అధ్యక్షతన రాయల్ కమిషన్ కూర్చుంది. మెక్‌ఫర్లేన్ బర్నెట్ అనే యువ శాస్త్రవేత్త సీసాలోంచీ పిల్లల ఒంట్లోంచీ సూక్ష్మజీవిని వేరు చేసి పోల్చాడు. అదే ఏడాది మధ్యకల్లా నివేదిక బయటికొచ్చింది. ఎక్కువసార్లు సూది గుచ్చే సీసాలో కాపలా మందు లేకుండా జీవసంబంధమైన మందేదీ ఇవ్వకూడదన్నది దాని సిఫార్సు. కొద్ది నెలల్లో కారణం తేలింది, అందరికీ పనికొచ్చే నియమం పుట్టింది. ముల్కోవాల్ విషయంలో అయిదేళ్లు పోయాయి. తేలిందల్లా ఒక మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది.

ఇప్పుడు ఆదిలాబాద్ గూడేలకు వద్దాం. టీకాల రోజున ఏఎన్ఎం నీలం రంగు వ్యాక్సిన్ డబ్బా, అందులో నాలుగు ఐస్‌ప్యాకులు, వాటి నడుమ చిన్న సీసాలతో వస్తుంది. ఒక సీసా చేతిలోకి తీసుకుని చూస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనబడతాయి. చాలా సీసాల మీద ఒక వలయం, అందులో లేత రంగు చదరం ఉంటుంది. ఎండ వేడి తగిలినకొద్దీ చదరం ముదురుతుంది. వలయం రంగుకు చేరిందంటే ఆ సీసా వాడకూడదు. తట్టు, రుబెల్లా టీకా సీసా తెరిచి నీళ్లు కలిపిన వెంటనే ఏఎన్ఎం దాని మీద టైము రాస్తుంది. నాలుగు గంటలు దాటితే, లోపల ఎన్ని డోసులు మిగిలినా పారేయాలి. అదే డబ్బాలోని, ధనుర్వాతం, డిఫ్తీరియాలకు వేసే టీడీ సీసానో, అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావలెంట్ సీసానో మూత తీశాక సరిగా చల్లగా ఉంచితే 28 రోజుల వరకు వాడవచ్చు.

ఈ తేడా ఎందుకో అడిగే తల్లులున్నారు. అడగాలి కూడా. టీడీలో, పెంటావలెంట్‌లో కాపలా మందు ఉంది. తట్టు టీకాలో ఉన్నది బతికి ఉన్న, బలం తగ్గించిన వైరస్. కాపలా మందు వేస్తే అదే చచ్చిపోతుంది, టీకా పనిచేయదు. మందులో కాపలా పెట్టలేం కాబట్టి గడియారాన్ని కాపలా పెట్టారు. నాలుగు గంటల నియమాన్ని పట్టించుకోని చోట ముల్కోవాల్ మళ్లీ జరగగలదు. అందుకే మారుమూల గూడెంలో ఇద్దరు పిల్లల కోసం సీసా తెరిచి మిగతా డోసులు పారేసినా వృథా అనుకోను. ముల్కోవాల్‌లో ప్రాణాలు తీసిన ధనుర్వాతానికి ఈ రోజు అదే డబ్బాలో టీకా ఉంది. పసికందులకు, బాలింతలకు వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం నిర్మూలించినట్టు 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఒకప్పుడు మట్టి తగిలిన కొడవలితో బొడ్డు కోసిన ఇళ్లకు ఆ మాట విలువ తెలుసు.

హాఫ్కిన్ కాలంలో లేని మరో చేయి కూడా ఇప్పుడుంది. 1930లో వేసిన చోప్రా కమిటీ, దాని వెంట వచ్చిన 1940 నాటి మందుల చట్టం మన దేశంలో మందుల నాణ్యతకు తొలి పక్కా పునాది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో తయారైన వ్యాక్సిన్ అయినా, పుణెలో తయారైనదైనా, మార్కెట్లోకి రాకముందు నమూనాలు, కాగితాలు కేంద్ర మందుల ప్రయోగశాలకు వెళ్లాలి. అది సెంపుల్ పనిచేసిన కసౌలీలోనే ఉంది. టీకా తర్వాత బిడ్డకు ఏదైనా తీవ్రంగా అయితే అదే బ్యాచ్ వాడకం ఆపడం, సీసాను చల్లగా భద్రపరచడం, 24 గంటల్లో జిల్లా అధికారికి నివేదిక పంపడం నియమం. జిల్లా కమిటీ కారణాన్ని వెతుకుతుంది. మందులో లోపమా, వేసిన చేతిలో లోపమా, లేక టీకాకు సంబంధంలేని జబ్బా? ముల్కోవాల్ సంఘం కలిపేసిన ప్రశ్నలను ఇక్కడ విడదీసి అడుగుతారు.

పర్యవేక్షకుడి పని కూడా పర్యవేక్షణకు లొంగాలి. 2008 జనవరిలో కేంద్రం మూడు ప్రభుత్వ వ్యాక్సిన్ సంస్థల తయారీ అనుమతులను ఒక్కసారిగా నిలిపేసింది. కసౌలీలోని కేంద్ర పరిశోధన సంస్థ, గిండీ బీసీజీ ప్రయోగశాల, కూనూరు పాశ్చర్ సంస్థ. తయారీ ప్రమాణాలు సరిగా లేవన్నది కారణం. లోపాలు నిజమే కావచ్చు. అయితే బాగుచేయడానికి గడువు, డబ్బు, ప్రత్యామ్నాయం ముందే ఆలోచించకుండా దేశం మొత్తానికి టీకాలు పోసే చేతులను ఒకేసారి కట్టేశారు. కొన్ని టీకాలకు కొరత వచ్చింది, కొనుగోళ్లు ప్రైవేటు కంపెనీల వైపు మళ్లాయి. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010లో అనుమతులు తిరిగొచ్చాయి.

జిల్లా కమిటీలు తేల్చిన కారణాలు, కసౌలీలో తిరస్కరించిన బ్యాచ్‌ల వివరాలు, ప్రభుత్వ ప్రయోగశాలల తనిఖీ నివేదికలు తెలుగులో, జిల్లా ఆస్పత్రి నోటీసు బోర్డు మీద కనబడాలని నేను అడుగుతున్నాను. సూది వేయించుకునేది మంథనిలో, ఇంద్రవెల్లిలో ఉన్న పిల్లలు. ఆ కాగితం చదివే హక్కు ముందుగా వాళ్ల తల్లులది.